మూడు మంచి గళ్ళు

యోనాకి వినపడదని మొదట కనిపెట్టింది వాడి నాయనమ్మ ఎలీసమ్మ. ఆదివారం ఆరాధనకి చర్చి గంట కొడుతుంటే, ఏడాదిన్నర పిల్లవాడు సరిగ్గా ఆ గంట కిందే కూచుని ఇసకలో వేళ్ళు గుచ్చి ఆడుకుంటున్నాడు. పక్క తోటలో కాకులన్నీ లేచిపోయాయి. వాడు తల కూడా ఎత్తలేదు. ఎలీసమ్మ వాడి వెనక చేరి రెండు చేతులూ గట్టిగా చరిచింది. మళ్ళీ చరిచింది. తరవాత గుండెలు బాదుకుంటూ కోడలు సుందరిని కేకేసింది.

అది డెబ్భై మూడో సంవత్సరం. పిల్లవాణ్ణి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి వాళ్ళ చుట్టాల్లో నలుగురితో మాట్లాడి రాగల మనిషి ఒక్కడే, సుందరి అన్న సాలమోను. రాజోలు హైస్కూల్లో సైన్సు మాస్టారు. వాళ్ళ వంశంలో కూలిపనికి కాకుండా కాలేజీకి వెళ్ళిన మొదటివాడు. ఒంట్లో బాగోకపోయినా, పొలం తగువొచ్చినా, ఉత్తరం చదవాల్సొచ్చినా, "మన మాస్టార్ని కనుక్కోండి" అనేవారు చుట్టాలందరూ.

డాక్టరు యోనాని అటూ ఇటూ తిప్పి చూసి, పుట్టు చెవుడు, మందు లేదు, వినపడదు కనక మాట కూడా రాదు అని తేల్చేశాడు. "మొగుడూ పెళ్ళాం ఏమవుతారు?" అని అడిగాడు.

"మేనత్త కూతురూ మేనమావ కొడుకూనండి," అన్నాడు సాలమోను.

డాక్టరు పెన్నుకి మూత పెట్టి, అతని చొక్కా జేబులో ఉన్న పెన్ను వైపు చూశాడు. "చదువుకున్నవాడిలా ఉన్నావు. నువ్వైనా చెప్పలేదా?"

చెప్పాలంటే చాలా చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట తల్లి సూరమ్మ, తన తమ్ముడు దానం కూతుర్ని సాలమోనుకి చేసుకోవాలని అడిగింది. చిన్నప్పటి నుంచీ అనుకున్న మాటే. సాలమోను ఒప్పుకోలేదు. రక్తసంబంధం మంచిది కాదు, పుట్టే పిల్లలకి అవకరాలు వస్తాయి, పుస్తకాల్లో ఉంది అన్నాడు. పుస్తకాల్లో ఉన్నమాట నిజమే. కానీ అతని మనసులో ఉన్నది పుస్తకం కాదు, బీయెడ్‌లో తనతో చదివిన అమ్మాజీ. అమ్మాజీ సంగతి చెప్పే ధైర్యం లేక సైన్సుని అడ్డం పెట్టుకున్నాడు. దానం మావయ్యకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అక్క ఇంటి గుమ్మం తొక్కడం మానేశాడు. తెగిపోయిన చుట్టరికాన్ని అతికించుకోడానికి సూరమ్మకి ఒకటే దారి కనపడింది. మరుసటేడు సుందరిని దానం కొడుకు బాబూరావుకి ఇచ్చేసింది.

అప్పుడు సాలమోను నోరు విప్పలేదు. తను అడ్డం పెట్టుకున్న పుస్తకం చెల్లెలి పెళ్ళికి గుర్తు రాలేదు. పెళ్ళిలో కొత్త పంచె కట్టుకుని భోజనాల దగ్గర నిలబడి అందరికీ వడ్డించాడు.

కాకినాడ నుంచి తిరిగొచ్చాక అతను కాలేజీ నాటి పుస్తకాలు దించి, అనువంశికత పాఠం మళ్ళీ చదివాడు. అమ్మ వైపు తాతగారి చెల్లెలు పోలమ్మ పుట్టుమూగ అని చిన్నప్పుడు విన్న మాట జ్ఞాపకమొచ్చింది. లెక్క తేలిపోయింది. ఆ దోషం బైటపడకుండా దానం మావయ్యలోనూ అమ్మలోనూ దాక్కుని ఉంది. అక్కణ్ణించి బాబూరావులోకీ సుందరిలోకీ వచ్చింది. రెండు వైపుల నుంచీ ఒకేసారి బిడ్డలోకి దిగితే చెవుడు.

మూడేళ్ళు గడిచాయి. ఊరూరా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంపులు పెడుతున్న రోజులు. సుందరి ఎవరూ చెప్పకుండానే ఆపరేషన్ చేయించుకుంటానంది. "ఇంకోడు కూడా ఇలాగే పుడితే నేను తట్టుకోలేను," అంది. ఎలీసమ్మ ఒప్పుకోలేదు. ఒక్క మూగబిడ్డతో వంశం ఆగిపోవాలా అని ఏడ్చింది. బాబూరావు మెత్తని మనిషి. అంబాజీపేటలో కొబ్బరికాయలొలిచే పని. పొద్దస్తమానం ఇనపగుచ్చుకి కాయ గుచ్చి పీచు లాగి లాగి, ఇంటికొచ్చి అటు తల్లికీ ఇటు పెళ్ళానికీ ఏమీ చెప్పలేక అరుగు మీద కూచునేవాడు. చివరికి దానం అన్నాడట: "మాస్టార్ని పిలిపించండి. ఏంటో అన్నాడు గదా అప్పట్లో, పుస్తకాల్లో ఉందని. ఆ పుస్తకమే చెప్పమనండి."

అలా ఏడేళ్ళ తరవాత దానం మావయ్య అతన్ని ఇంటికి పిలిచాడు.

సాలమోను సైకిలు దిగేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు. సుందరి గడప మీద కూచుని ఉంది. యోనా ఆమె మోకాళ్ళ మధ్య నిలబడి అందరి పెదాలూ చూస్తున్నాడు. సాలమోను కొన్ని చింతపిక్కలు తెప్పించాడు. కొన్ని నల్లవి, కొన్ని ఆడపిల్లలు ఆటకి అరగదీసుకున్న తెల్లవి. నేల మీద పుల్లతో నాలుగు గళ్ళు గీశాడు.

"ప్రతి మనిషిలోనూ దేనికైనా రెండేసి పిక్కలుంటాయనుకోండి మావయ్యా. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. నల్లది మంచిది, తెల్లది చెవుడు. మన బాబూరావులో ఒక నల్లదీ ఒక తెల్లదీ ఉన్నాయి. సుందరిలోనూ అంతే. నల్లది పక్కనుంటే తెల్లది ఏమీ చెయ్యలేదు. అందుకే వీళ్ళిద్దరికీ వినపడుతుంది. బిడ్డకి మాత్రం చెరో పిక్కా ఇస్తారు. ఏది ఇస్తారో వాళ్ళ చేతిలో లేదు."

ఒక్కో గడిలో రెండేసి పిక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. నలుపూ నలుపూ. నలుపూ తెలుపూ. తెలుపూ నలుపూ. చివరి గడిలో రెండు తెల్లవి.

దానం వంగి చాలాసేపు చూశాడు. చేతిలో చుట్ట ఆరిపోయింది. మనిషికి చదువు లేదు గానీ బుర్ర చురుకు. చెట్టు కింద నిలబడి ఏ గెలకి ఎన్ని కాయలో చెప్పేయగలడు.

"అంటే నాలుగు గళ్ళలో ఒకటే చెడ్డది," అన్నాడు నెమ్మదిగా. "ఆ చెడ్డ గడి వీడితో నిండిపోయింది." యోనా తల మీద చెయ్యి వేశాడు. "ఇంక మిగిలిన మూడూ మంచివే. అంతే కదా అల్లుడూ?"

అల్లుడూ అన్న పిలుపు ఏడేళ్ళయింది విని. ఎలీసమ్మ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. గడప మీద సుందరి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

కాదని అతనికి తెలుసు. గళ్ళు ఒకదాని తరవాత ఒకటి నిండవు. ప్రతి బిడ్డకీ నాలుగు గళ్ళూ మళ్ళీ కొత్తగానే ఉంటాయి. పదో తరగతి పిల్లలకి ఏటా చెప్పే పాఠం. నాలిక చివర వరకూ వచ్చింది.

"ఆయ్," అన్నాడు.

దానం గట్టిగా నవ్వాడు. "చూసేవుటే అమ్మాయ్, మీ అన్న ఏం చెప్పేడో!" అని సుందరి వైపు తిరిగాడు. కోడిని కోయించాడు. సాలమోనుని పక్కన కూచోబెట్టుకుని భోజనం పెట్టించాడు.

తిరుగుదారిలో కాలవగట్టు మీద సైకిలు తొక్కుతూ సాలమోను రెండుసార్లు దిగి నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఎంతసేపు, పావుగంట దారి. కానీ నాలుగింట మూడు వంతులు మంచే కదా అనుకున్నాడు. అబద్ధం ఏముంది, మూడు వంతులంటే తక్కువా? ఆదివారం చర్చిలో కలిసినప్పుడు నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. ఆదివారం దానం మావయ్య పక్కన చోటు చూపించి రమ్మన్నాడు. చెప్పలేదు. తరవాత ఆదివారం కూడా చెప్పలేదు. ఐదు నెలలు గడిచాక సూరమ్మ వచ్చి, సుందరి నీళ్ళోసుకుందిరా అని సంబరంగా చెప్పింది. ఇంక చెప్పి ప్రయోజనం ఏముంది అని తనకి తనే చెప్పుకున్నాడు. రోజూ ప్రార్థన మాత్రం చేశాడు. అంతకు ముందు అలవాటు లేని ప్రార్థన.

డెబ్భై ఏడు వేసవిలో ఆడపిల్ల పుట్టింది. దానం స్వయంగా పేరు పెట్టాడు, దీవెన అని.

పిల్లకి రెండో నెలలో సాలమోను చూడ్డానికి వెళ్ళాడు. సుందరి నూతి దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఉయ్యాల్లో దీవెన మేలుకునే ఉంది, తాటాకు సందుల్లోంచి పడుతున్న వెలుగు చూస్తూ. సాలమోను చుట్టూ చూశాడు. పొయ్యి పక్కనున్న ఇత్తడి గిన్నె తీసుకుని, ఉయ్యాల వెనక నిలబడి, సిమెంటు గచ్చు మీద వదిలేశాడు.

పెరట్లోంచి సుందరి ఉలిక్కిపడి, "ఏంటన్నయ్యా అదీ?" అని కేకేసింది.

దీవెన కళ్ళు వెలుగు మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యలేదు.

"చెయ్యి జారిందమ్మా," అన్నాడు.

నూతి దగ్గర బట్టల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి సుందరి గొంతు మళ్ళీ వినపడింది, ఈసారి చిన్నగా. "పిల్ల ఉలిక్కిపడిందా?"

ఆ గొంతులో ఉన్నది భయమో ఆశో అతను విడదీసి చెప్పలేకపోయాడు.

"లేచింది," అన్నాడు.

సుందరి తడిచేతులతో పరిగెత్తుకొచ్చి, కళ్ళు విప్పుకుని ఉన్న పిల్లని చూసి పకపకా నవ్వింది. "లేపేసేవా నా తల్లిని! ఇప్పుడే పడుకోబెట్టేను," అంది. యోనా పుట్టిన తరవాత ఆమె అలా నవ్వగా అతను చూడలేదు.

ఆ నవ్వు నాలుగు నెలలు నడిచింది. ఆ నాలుగు నెలలూ సాలమోను చెల్లెలి ఇంటి వైపు వెళ్ళలేదు. పరీక్ష పేపర్లన్నాడు, జ్వరమన్నాడు. పట్టుబట్టి పెళ్ళాడిన అమ్మాజీ ఒకసారి నిలదీసింది. "మీ చెల్లెలు కబురు మీద కబురు పెడుతోంది. ఎందుకు తప్పించుకుంటున్నారు?" అతను ఆమెకి కూడా చెప్పలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం సుందరి పిల్లని భుజాన వేసుకుని, మూడు మైళ్ళు నడిచి రాజోలు వచ్చింది. కూచోమంటే కూచోలేదు. మంచినీళ్ళు ముట్టలేదు.

"ఆ రోజు గిన్నె చప్పుడుకి లేచిందన్నావు," అంది.

సాలమోను తల దించుకున్నాడు.

"నిజంగా లేచిందా అన్నయ్యా?"

"లేదమ్మా. ముందే మేలుకుని ఉంది."

సుందరి తిట్టలేదు, ఏడవలేదు. పిల్లని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అమ్మాజీ వెనకాలే వెళ్ళి గొడుగిచ్చింది. సుందరి తీసుకోలేదు.

అప్పటికి ఆమెకి తెలిసింది ఒక అబద్ధమే. రెండోది, అసలుది, ఇంకా తెలియదు. బిడ్డ చెడ్డ గడిలో ఎందుకు పడిందో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు చెప్పిన లెక్క తప్పేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు. లెక్క సరైనదే అయితే తప్పు మనిషిదై ఉండాలి. కడుపుతో ఉండగా ఐదో నెలలో సుందరికి జ్వరమొస్తే ఇంజెక్షన్ చేయించుకుంది. ఎలీసమ్మకి అది దొరికింది. ఆ సూదే పిల్ల చెవులు తినేసిందని చర్చి దగ్గరా కాలవరేవులోనూ చెప్పుకుని ఏడ్చేది. అది ఆ నోటా ఈ నోటా రాజోలు దాకా వచ్చి సాలమోను చెవిన పడింది. విని ఊరుకున్నాడు. చెల్లెలు తన నేరం మోస్తోందని తెలుసు. అయినా ఊరుకున్నాడు.

దీవెనకి ఏడాది నిండినప్పుడు దానం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. వెళ్ళక తప్పలేదు. పాస్టరు గారు ప్రార్థన ముగించి వెళ్ళిపోయారు. చుట్టాలు పాతిక మంది దాకా పందిట్లో ఉన్నారు. సుందరి పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని అందరికీ ఇస్తోంది.

పక్కూరి నుంచి వచ్చిన ఒకావిడ జాలిపడుతూ, "రెండోదీ ఇలాగే అయ్యిందేంటమ్మా?" అంది.

"ఏం చెప్పమంటావొదినా," అంది ఎలీసమ్మ. "మాస్టారు లెక్క కట్టి మరీ చెప్పేడు, ఇంక భయం లేదని. ఇదే వెళ్ళి సూది పొడిపించుకుంది. బంగారంలాంటి బిడ్డని చేజేతులా పాడుచేసుకుంది."

సుందరి పళ్ళెం పట్టుకుని తరవాతి మనిషి దగ్గరకి వెళ్ళి వంగింది. ఆ తరవాతి మనిషి సాలమోనే.

అతను గ్లాసు తీసుకోలేదు. లేచి నిలబడ్డాడు.

"అత్తా, సూదికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు. "ఈ చెవుడు ఒక్క సుందరి నుంచి రాదు. సగం దాని నుంచొస్తే సగం మీ అబ్బాయి నుంచి రావాలి. మా అమ్మలోనూ మావయ్యలోనూ ఉన్నదే వీళ్ళకొచ్చింది. ఇంకోటి. ఆ రోజు మావయ్య, ఇంక మూడూ మంచివే కదా అని అడిగేడు. నేను ఆయ్ అన్నాను. అది తప్పు. ఎంతమంది పుట్టినా ప్రతిసారీ నాలుగింట ఒకటి అలాగే ఉంటుంది. ఒకరు పుట్టేరని ఆ వంతు తీరిపోదు."

"నీకప్పుడు తెలీదా?" బాబూరావు అడిగాడు. పందిరి గుంజకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతమందిలో అతను నోరు తెరవడమే అరుదు.

తెలీదంటే అక్కడితో పోతుంది. చదువుకున్నవాడు కూడా పొరపాటు పడ్డాడని సర్దుకుంటారు.

"తెలుసు బావా," అన్నాడు సాలమోను. "తెలిసే అన్నాను. మావయ్య అన్నాళ్ళకి నన్ను పిలిచేడు. కాదనలేకపోయాను."

దానం తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా తోటలోకి వెళ్ళిపోయాడు. బాబూరావు రెండడుగులు ముందుకొచ్చాడు. కాయలొలిచి కాయలొలిచి రాయిలా అయిన చేతులు. కొడతాడనుకున్నారు. కొట్టలేదు.

"ఇంక మా ఇంటికి రాకు," అన్నాడు.

మర్నాడు స్కూలు వదిలే వేళకి సుందరి గేటు దగ్గర నిలబడి ఉంది. ఒక్కటే మాట అడిగింది. "ఇంకో బిడ్డని కంటే?"

"మళ్ళీ అంతేనమ్మా. నాలుగింట మూడు వంతులు బాగుంటుంది. ఒక వంతు ఇలాగే. మూడోసారైనా నాలుగోసారైనా అంతే."

"ఈ మాట అప్పుడు చెప్పుంటే పోయేది కదా," అంది. ఆ నెలలోనే ఆపరేషన్ చేయించుకుంది. ఈసారి ఎవర్నీ అడగలేదు. ఎలీసమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

ఐదేళ్ళ పాటు బాబూరావు అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. దానం మావయ్య జబ్బుపడి పోయినప్పుడు సాలమోను సమాధుల దొడ్లో దూరంగా నిలబడి, అందరూ వెళ్ళాక మట్టి వేసి వచ్చాడు. సుందరి మాత్రం అప్పుడప్పుడూ కనపడేది. పిల్లల సంగతులు చెప్పేది, పరాయి మనిషితో చెప్పినట్టు. యోనా అంతకు ముందు ఎప్పుడూ గోడకి ఆనుకుని ఒక్కడే కూచునేవాడట. చెల్లెలు ఎదిగొచ్చాక ఇద్దరూ చేతులతో మాటలు కల్పించుకున్నారట. చేపకి ఒక సైగ, వానకి ఒకటి, నాయనమ్మకి ఒకటి. "వాళ్ళిద్దరూ ఏమనుకుంటున్నారో నాకే తెలీదు. పొద్దస్తమానం నవ్వుకుంటారు," అంది ఒకసారి.

కాకినాడలో వినపడని పిల్లలకి హాస్టలుతో బడి ఉందని సాలమోను కనుక్కున్నాడు. మూడుసార్లు వెళ్ళి, ఎవరెవర్నో కలిసి, ఇద్దరికీ సీట్లు సంపాదించాడు. కాయితాలు పట్టుకుని కాలవరేవులో చెల్లెల్ని కలిసినప్పుడు, ఇది ఒప్పుకుంటే నా మనసు కాస్త తేలికపడుతుందమ్మా అన్నాడు.

సుందరి కాయితాలు తీసుకుంది. "నీ మనసు తేలికపడ్డానికి కాదు. వాళ్ళకి చదువు కావాలి. అందుకు రా," అంది.

ఎనభై మూడు జూన్‌లో ఇద్దరూ కలిసి పిల్లల్ని దింపి వచ్చారు. తిరుగు ప్రయాణంలో కోటిపల్లి రేవులో పడవెక్కారు. గోదావరి ఎర్రనీళ్ళతో వస్తోంది. పడవ నడిమధ్యకి వచ్చింది.

"అన్నయ్యా," అంది సుందరి నీళ్ళ వైపు చూస్తూనే. "ఆ రోజు నువ్వు నిజం చెప్పుంటే నేను దీవెనని కనేదాన్ని కాదు. అది పుట్టకుండా ఉంటే బావుణ్ణని నేను ఒక్కనాడూ అనుకోలేదు. అనుకోలేను. అలాగని నువ్వు చేసింది మంచిదని కూడా అనుకోలేను. ఈ రెండూ నాలో ఉన్నాయి. నన్నేం చెయ్యమంటావు?"

అతని దగ్గర సమాధానం లేదు. లేదనే చెప్పాడు. ఆమె తలూపింది. ముక్తేశ్వరం ఒడ్డు కనపడే వరకూ ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు.

ఒడ్డున బాబూరావు ఉన్నాడు. సుందరి కోసం వచ్చాడు. పిల్లలు లేని పడవ కేసి చూస్తూ, తువ్వాలు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడ్డాడు. సుందరి దిగి సంచీ అందించింది. అతను అందుకుని, వెంటనే నడవలేదు. సాలమోను వైపు తిరిగాడు.

"పిల్ల ఏడ్చిందా?" అని అడిగాడు.

ఐదేళ్ళ తరవాత మొదటి మాట. ఆ మొహం "లేదు" అన్న జవాబు కోసమే ఎదురుచూస్తోంది. చూస్తుంటే తెలిసిపోతోంది.

"ఏడ్చింది బావా," అన్నాడు సాలమోను. "గేటు దాకా వచ్చి నా చొక్కా పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సొచ్చింది. యోనా వచ్చి లోపలికి తీసుకెళ్ళేడు."

బాబూరావు మొహం తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాడు.

"అమలాపురం బస్సు వెళ్ళిపోతుంది. నడవండి," అన్నాడు. ఆ మాట ఇద్దరికీ కలిపే అన్నాడో, సుందరికే అన్నాడో సాలమోనుకి తెలియలేదు. కొంచెం వెనకగా, వాళ్ళతోపాటే నడిచాడు.